రచన ప్రకారం నీళ్ళు

మా కాలువల శాఖకు కవిత్వం పై నుంచి వచ్చింది. నీళ్ళూ పై నుంచే రావాలి గానీ, ఆ ఏడు కవిత్వమే ముందు వచ్చింది.

కమిషనర్ గారు ఎండాకాలంలో ఏదో కొండ మీద జరిగిన శిబిరానికి వెళ్ళారట. అక్కడ పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేయించి, చాప మీద కూర్చోబెట్టి, చేతికి కాగితాలిచ్చి, కలం ఆపకుండా రాయమన్నారట. ఆయన రాశారు. రాస్తుంటే కన్నీళ్ళు వచ్చాయట. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఫైళ్ళ మీద సంతకం తప్ప మరేమీ రాయని మనిషికి అన్ని వాక్యాలు వరసగా వస్తే ఎవరికైనా కన్నీళ్ళు వస్తాయి. ఆ సంగతి తన దగ్గరే ఉంచుకుంటే సరిపోయేది. కానీ ఆయన మంచివారు. తనకు కలిగిన మేలు శాఖలో అందరికీ కలగాలనుకున్నారు.

కొండ దిగిన వారానికి మాకు సర్క్యులర్ వచ్చింది.

"సృజనాత్మక రచనను నిత్యకృత్యముగా అలవరచుకొనుట వలన ఉద్యోగి హృదయము మెత్తబడును. మెత్తబడిన హృదయము నుండి ప్రజాసేవ ధారాళముగా వెలువడును. కావున సిబ్బంది యావన్మందియు, హోదాతో నిమిత్తము లేకుండా, ప్రతి పనిదినమున ఉదయము పది నుండి పదకొండు గంటల వరకు రచన చేయవలెను. ఆ సమయమున కలము ఆగరాదు. ప్రజలు అడ్డు రారాదు. ఏ ఒక్కరు ఒక్క దినము మానినను ఆ కార్యాలయపు గొలుసు తెగినట్లు భావించి, అందరును మరల మొదటి దినము నుండి ప్రారంభింపవలెను."

మాది లాకుల పక్కన పాత పెంకుటి ఆఫీసు. పెద్ద కాలువ మా గుమ్మం ముందుకు వచ్చి పిల్లకాలువలుగా, చేలకు పారే బోదెలుగా చీలిపోతుంది. డీఈ రామభద్రిరాజు గారు, సూపరింటెండెంటు గవర్రాజు గారు, జూనియర్ అసిస్టెంటుగా నేను, తూముల చక్రాలు తిప్పే లస్కరు తాతబ్బాయి. ఇంతే మేం. నేను రోజూ బస్సులో వచ్చేది మా ఊరు పీతలమెరక నుంచి. కాలువకు చిట్టచివర, శివారులో ఉంటుంది. నీళ్ళు దారి పొడుగునా అందరి పొలాలనూ పలకరించి మా ఊరు చేరేసరికి అలిసిపోయి ఉంటాయి. కొన్నేళ్ళు అసలు చేరవు.

మొదటి రోజు పది కొట్టగానే అందరం కాగితాలు ముందేసుకున్నాం. ఫ్యాను చప్పుడు తప్ప మరేం లేదు. కాసేపటికి గవర్రాజు గారు గొంతు సవరించుకున్నారు.

"ఏ హెడ్డు కింద రాయాలండి?"

"హెడ్డేమిటండీ గవర్రాజు గారూ, హృదయం నుంచి రాయండి," అన్నారు డీఈ గారు.

"మన శాఖలో హృదయానికి హెడ్డు లేదండి."

"లేకపోతే ప్రకృతి కింద రాయండి."

ప్రకృతి అనేసరికి గవర్రాజు గారికి దారి దొరికింది. ఆయన రాసింది నాకింకా గుర్తుంది. "పై విషయమును పురస్కరించుకొని, నేటి ఉదయము తూర్పు దిక్కున సూర్యోదయము జరిగినట్లు తెలియజేయడమైనది. పక్షులు కూసినవి. తగు చర్య నిమిత్తము సమర్పించడమైనది." రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి, మళ్ళీ మళ్ళీ శ్రమ పడటం ఎందుకని, రోజూ తేదీ మార్చి అదే రాశారు. మబ్బు పట్టిన రోజున మాత్రం "సూర్యోదయము పెండింగులో ఉన్నది" అని చేర్చారు.

డీఈ గారు నవల మొదలుపెట్టారు. అందులో నాయకుడు ఒక డీఈ. పొడుగ్గా, అందంగా, ఎవరికీ అర్థం కాకుండా ఉంటాడు.

నాకు రోజూ రాయడం కొత్త కాదు. మా ఊరి బడిలో దేవసహాయం మేష్టారు, దారిలో చూసింది ఏదో ఒకటి పలక మీద రాసి చూపిస్తే గానీ లోపలికి రానిచ్చేవారు కాదు. చూడనిది రాస్తే వెనక్కి పంపించి చూసి రమ్మనేవారు. ఆ అలవాటుతోనే రాశాను. "శివారు బోదెలో నీళ్ళు లేవు. అడుగు బురద ఎండి నెర్రెలిచ్చింది. పీతలు బొరియల్లోంచి బయటికి రావడం లేదు."

డీఈ గారు దాని కింద ఎర్ర సిరాతో రాశారు: "కల్పన శూన్యము. ఇంకను ప్రయత్నించవలెను."

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. పెద్ద కాలువలో నీళ్ళు తక్కువ. అలాంటప్పుడు నీళ్ళు వంతులవారీగా ఇస్తారు. ముందు ఎగువ ఊళ్ళు, తర్వాత నడిమి ఊళ్ళు, ఆఖరికి శివారు. శివారు వంతులో చివరి బోదెకు నీరు చేరిందని మా ఆఫీసు నుంచి రిపోర్టు వెళ్ళగానే ఆ వంతు ముగిసినట్టు. నీళ్ళు మళ్ళీ ఎగువకు తిప్పేస్తారు. ఎప్పటి నుంచో ఇదే పద్ధతి.

శివారు వంతు వచ్చింది. డీఈ గారు సంతకం పెట్టాలి, తాతబ్బాయి చక్రం తిప్పాలి. కానీ పది నుంచి పదకొండు దాకా రచన. తర్వాత ఒకరిది ఒకరు చదివి మెచ్చుకోవడం. తర్వాత భోజనాలు. మధ్యాహ్నం డీఈ గారి నాయకుడు ప్రేమలో పడ్డాడు. సంతకానికి సందు దొరకలేదు.

అలాంటి ఒక ఉదయం పల్లాలమ్మత్త వచ్చింది. మా ఊళ్ళో కౌలుకు చేస్తుంది. మొగుడు పోయాక కూడా సేద్యం వదల్లేదు. నారుమడి పోసి, మొలక పచ్చబడ్డాక నీళ్ళు లేక, నారు పసుపు తిరుగుతుంటే చూడలేక వచ్చింది. మా తలుపుకు బోర్డు వేలాడుతోంది. "రచన జరుగుచున్నది. దయచేసి మీ సమస్యలను నిశ్శబ్దముగా ఉంచుకొనుడు."

ఆమెకు చదువు రాదు. కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూసింది.

"ఏమే తాయారూ, అందరూ తలకాయలు దించుకుని ఏం చేత్తన్నారే? పరీచ్చలా?"

"రాసుకుంటున్నాం అత్తా," అన్నాను మెల్లగా.

"ఎవరికే?"

సర్క్యులర్లో ఆ సంగతి లేదు. "ఎవరికీ కాదత్తా. అలవాటు కోసం."

"నీళ్ళొదిలే అలవాటు కూడా ఏదన్నా ఉందేమో చూడండమ్మా."

డీఈ గారు తల పట్టుకున్నారు. "ఎవరది? సరిగ్గా చెయ్యి అందుకునే ఘట్టంలో ఉన్నాను! మంగతాయారూ, ఆమెను అర్జీ పెట్టుకోమను."

అర్జీ నేనే రాసిపెట్టాను. "అయ్యా, నీళ్ళు రాలేదు. నారు ఎండిపోతోంది. తూము ఎత్తించగలరు." ఇంతకంటే ఏం కావాలనుకున్నాను. కానీ అప్పటికే రెండో సర్క్యులర్ వచ్చింది. సృజన ఉద్యోగులకే పరిమితం కారాదు, ప్రజల అర్జీలలోనూ దానిని ప్రోత్సహించవలెను అని. అర్జీ మర్నాడు తిరిగొచ్చింది. "భావము కలదు. వర్ణన లేదు. ఉపమానము జతపరచి మరల సమర్పించవలెను."

"ఉపమానం అంటే ఏటే? ఆధార్ కార్డు లాంటిదా?" అంది పల్లాలమ్మత్త.

"పోలిక అత్తా. నారు దేనిలాగా ఎండిపోతోందో చెప్పాలంట."

"నారు నారులాగే ఎండిపోతందే. ఇంకోళ్ళలాగా ఎందుకెండుద్ది?" కాసేపు ఆలోచించింది. "సరే రాయి. డీఈ గారి బుర్రలాగా ఎండిపోతంది."

అది రాయలేదు. "వేసవి బావిలా" అని రాశాను. అది కూడా తిరిగొచ్చింది. "పాత ఉపమానము."

ఈలోగా మా ఆఫీసులో ఒక రచయిత పుట్టాడు. అతను తాతబ్బాయి.

మొదట్లో తాతబ్బాయి చాలా మొరాయించాడు. "చక్రం తిప్పే చేతులమ్మా ఇయ్యి, కలం నిలబడదు," అనేవాడు. అతను రాయకపోతే గొలుసు తెగుతుందని గవర్రాజు గారు రోజూ బతిమాలి, టీ ఇప్పించి, కూర్చోబెట్టేవారు. ఒక రోజు ఏమైందో గానీ అతనికి రుచి తగిలింది. ఇక ఆగలేదు. పది గంటలకు మొదలుపెట్టి చీకటి పడేదాకా రాసేవాడు. మెడలో తువ్వాలు తీసేసి భుజానికి గుడ్డసంచి తగిలించాడు. తూముల దగ్గరికి పోవడం మానేసి, తూములకు ఎదురుగా కూర్చుని వాటిని చూడటం మొదలుపెట్టాడు.

డీఈ గారు ఎట్టకేలకు సంతకం పెట్టిన రోజున పరుగెత్తుకుంటూ వెళ్ళి అడిగాను. "తాతబ్బాయ్, శివారు తూము ఎత్తావా?"

"ఎత్తేశానమ్మా."

"ఎప్పుడు?"

"రెండో పేరాలో."

కాగితం చూపించాడు. నిజంగానే ఎత్తాడు. "చక్రం తిరగగానే గంగమ్మ గజ్జెలు కట్టుకుని గలగలా పరుగెత్తింది. పీతలమెరక శివారున చివరి బోదె దాకా వెండి నీళ్ళు చేరాయి. కొంగలు బారులు తీరి స్వాగతం పలికాయి. ఎర్రచీర కట్టిన పడుచు నీళ్ళలో కాళ్ళు పెట్టి విరగబడి నవ్వింది. ఆ నవ్వుకు సూర్యుడు అస్తమించడం మరిచిపోయాడు."

"బాగుంది తాతబ్బాయ్. తూము ఎప్పుడెత్తుతావు?"

"ఎత్తినట్టు చదివావు కదమ్మా, మళ్ళీ ఎందుకు?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు.

రోజువారీ నీటి రిపోర్టూ, రోజువారీ రచనా పదకొండు గంటలకు ఒకే వాట్సాప్ నంబరుకు పంపాలి. ఆ రోజు తాతబ్బాయి తూముల దగ్గరికి వెళ్ళలేదు కాబట్టి రిపోర్టు లేదు. గవర్రాజు గారు రచన ఒక్కటే పంపించారు. పెద్దాఫీసులో రిపోర్టు కోసం చూస్తున్న గుమాస్తాకు అది అందింది. ఊరి పేరు ఉంది, చివరి బోదె ఉంది, నీళ్ళు చేరాయని ఉంది. రిపోర్టుకు ఇంతకంటే ఏం కావాలి? శివారు వంతు ముగిసినట్టు రాసుకుని నీళ్ళు ఎగువకు తిప్పేయమన్నారు. అదే కాగితం పక్క గదిలోకి వెళితే కమిషనర్ గారు చదివి, నెలాఖరు కావడంతో ఆ నెల ఉత్తమ రచనగా మొదటి బహుమతి ప్రకటించారు.

ఆఫీసులో మిఠాయి పంచారు. నేను నోట్లో పెట్టుకోకుండానే డీఈ గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, శివారుకు చుక్క నీరు రాలేదండి. వంతు అయిపోయిందని రాసేశారు. నారు పోతుందండి. ఒక్క దిద్దుబాటు పంపిస్తే..."

"దేన్ని దిద్దుతాం మంగతాయారూ?" డీఈ గారు ఎంతో ఓపికగా చెప్పారు. "నీళ్ళు చేరలేదంటే రచన అబద్ధమైనట్టు. రచన అబద్ధమైతే బహుమతి అబద్ధం. బహుమతి ఇచ్చిందెవరు? పైగా తప్పుడు రిపోర్టు అయితే తాతబ్బాయి మీద విచారణ వేయాలి. రచన అయితే విచారణ ఉండదు, సన్మానం ఉంటుంది. నీ ఇబ్బంది ఏమిటంటే, నువ్వు జరిగిందే రాస్తావు. జరగనిది రాసే స్థాయికి ఎదగాలి."

గవర్రాజు గారు తలుపు దగ్గర నిలబడి, "సన్మానానికి శాలువా ఏ హెడ్డు కింద కొనాలండి?" అన్నారు.

సాయంత్రం బస్సు దిగి పల్లాలమ్మత్తకు ఈ సంగతి చెప్పాను. కుండతో చెరువు నీళ్ళు మోసుకొచ్చి నారుమడి మీద చల్లుతోంది. చెరువు కూడా అడుగంటింది.

"మా వంతు నీళ్ళు ఎవరు తాగేశారే?"

"ఎవరూ తాగలేదత్తా. రాసేశారు."

"ఈ నారు పోతే మళ్ళీ విత్తనం చల్లడానికి అదును దాటిపోద్దే. కౌలు చేను ఎవడికో ఇచ్చేత్తాడు ఆసామి." చేతిలో కుండ కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "నువ్వు కూడా రోజూ రాత్తావు కదే. అంత చదువుకున్నావు. నువ్వేం రాత్తే నీళ్ళొత్తాయి?"

రాత్రంతా ఆ మాటే చెవిలో ఉంది. మర్నాడు సర్క్యులర్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. మా ఆఫీసులో దాన్ని చివరిదాకా చదివింది నేనొక్కదాన్నే అనుకుంటాను. చివరి పేజీలో, సన్నని అక్షరాలతో ఉంది. "ఉత్తమ రచనపై ఇతర సిబ్బంది పాఠక స్పందనలను నేరుగా కమిషనర్ గారికి పంపవచ్చును."

పది కొట్టగానే కలం ఆపకుండా రాశాను. తాతబ్బాయి గారి రచన చదివానని, అప్పటి నుంచి ఆ చోటును చూడాలనిపిస్తోందని, ఆ నీళ్ళు, ఆ కొంగలు, ఆ ఎర్రచీర ఇంకా అక్కడే ఉంటాయా అనిపిస్తోందని, చదివిన ఎవరికైనా అలాగే అనిపిస్తుందని. అందులో ఒక్క అబద్ధం లేదు. నిజంగానే చూడాలనిపించింది.

మూడో సర్క్యులర్ ఆ వారమే వచ్చింది. "ఉత్తమ రచనలకు ప్రేరణనిచ్చిన స్థలములను ఉన్నతాధికారులు స్వయముగా దర్శించుట ద్వారా రచయితలకు ప్రోత్సాహము లభించును. ఇందులో తొలి రచనాస్థల సందర్శనము పీతలమెరక శివారు. త్వరలో."

డీఈ గారు నాయకుణ్ణి పెళ్ళిపీటల మీద అలాగే వదిలేసి లేచి నిలబడ్డారు.

"తాతబ్బాయ్! ఏం రాశావయ్యా నువ్వు? ఇటు తే!"

రచనను బల్ల మీద పరిచి వాక్యం వాక్యం చదివారు. గవర్రాజు గారు పక్కన కాగితం మీద ఏమేం సమకూర్చాలో రాసుకున్నారు.

"నీళ్ళు," అన్నారు డీఈ గారు.

"మన పరిధిలోనిదే అండి," అన్నారు గవర్రాజు గారు.

"కొంగలు, బారులు తీరి."

"కొంగల సరఫరా మన శాఖ కిందకు రాదండి. పశుసంవర్ధక శాఖకు రాయాలి."

"ఎర్రచీర కట్టిన పడుచు. విరగబడి నవ్వింది. విరగబడి ఎందుకయ్యా? చిరునవ్వు అని రాయలేకపోయావా?"

"భావావేశమండి," అన్నాడు తాతబ్బాయి, తల దించుకుని.

డీఈ గారు ఆ సాయంత్రమే పీతలమెరక వచ్చారు. ఆయన మా ఊరు రావడం అదే మొదలు. బోదె గట్టు మీద జీపు దిగి, నెర్రెల్లోకి చూసి, "ఇది ఇంత ఎండిపోయిందని ఎవరూ చెప్పలేదే!" అన్నారు. ఊళ్ళో ఎర్రచీర ఉన్నది పల్లాలమ్మత్త ఒక్కతికే అని తేలింది. మిగతా ఆడవాళ్ళంతా, ఎలా కూడబలుక్కున్నారో ఏమో, తమకు ఎర్రచీరలే లేవన్నారు.

"పల్లాలమ్మ గారూ," అన్నారు డీఈ గారు. మొన్నటిదాకా 'ఎవరది' అన్న మనిషి. "మీరు ఎర్రచీర కట్టుకుని నీళ్ళలో కాళ్ళు పెట్టి నవ్వాలండి."

"ఎందుకండి?"

"రచనలో ఉందండి."

"రచనలో పడుచుపిల్లని ఉందంట కదండి. నాకు మనవలున్నారు."

"దూరం నుంచి చూస్తారు లెండి."

"అయితే ఆయ్, కట్టుకుంటానండి. నవ్వే రాదండి."

"నవ్వు రాకపోవడమేమిటమ్మా!"

"నారు ఎండిపోతా ఉంటే ఎవరికొత్తదండి? నారుమడి తడిస్తే కొంచెం వత్తదండి. నాట్లేసే చేను కూడా నిండితే పళ్ళు కనపడేలా వత్తదండి. ఊళ్ళో అందరి చేలూ నిండితే ఇంక విరగబడేదే అండి."

డీఈ గారు గవర్రాజు గారి వైపు చూశారు. గవర్రాజు గారు "నవ్వునకు షరతులు" అని పైన గీత గీసి రాసుకున్నారు.

"చిరునవ్వుతో సరిపెట్టలేరా?" డీఈ గారి గొంతు దీనంగా ఉంది.

"మీరే చూడండి. రచనలో ఏమని ఉంటే అదే చెయ్యాలి కదండి. మళ్ళీ మీకు మాట రాకూడదు."

మర్నాడు రచన గంట మొదలవక ముందే ఉత్తర్వు తయారైంది. "వాస్తవమును రచనకు అనుగుణముగా సరిచేయు నిమిత్తము, వంతుతో సంబంధము లేకుండా, శివారు తూమును తక్షణము ఎత్తవలెను." రచన కోసం కాగితం కదిలినంత వేగంగా నారు కోసం ఏనాడూ కదల్లేదు.

తాతబ్బాయి చక్రం దగ్గరికి వెళ్ళాడు. చాన్నాళ్ళుగా ముట్టుకోక చక్రం తుప్పు పట్టింది, అతని చేతులు మెత్తబడ్డాయి. కమిషనర్ గారు హృదయం మెత్తబడుతుందన్నారు గానీ ముందు మెత్తబడినవి ఇవే. రెండు చుట్లు తిప్పేసరికి బొబ్బలెక్కాయి.

"రెండో పేరాలో ఇంత కష్టం లేదమ్మా," అన్నాడు రొప్పుతూ.

ఎగువ ఊళ్ళ రైతులు గొడవకు వచ్చారు. వంతు మాదైతే నీళ్ళు అటెలా పోతాయని. డీఈ గారు వాళ్ళను కూర్చోబెట్టి తాతబ్బాయి రచన గట్టిగా చదివి వినిపించారు. చదవడం అయిపోయాక వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, తిన్నగా తాతబ్బాయి దగ్గరికి వెళ్ళారు. "మా బోదె మీద కూడా ఒకటి రాసిపెట్టు బాబూ," అన్నారు. ఒకాయన కోడిపుంజును తెచ్చి గుడ్డసంచి పక్కన కట్టేశాడు.

నీళ్ళు సాయంత్రానికి పీతలమెరక చేరాయి. ముందు నెర్రెలు తాగాయి. తర్వాత బోదె నిండింది. తర్వాత పల్లాలమ్మత్త నారుమడిలోకి మెల్లగా పాకాయి. కొంగలకు ఎవరూ ఉత్తర్వు పంపలేదు. నీళ్ళొచ్చాయి, పీతలు బయటికొచ్చాయి, వాటి వెనకే కొంగలూ వచ్చాయి.

కమిషనర్ గారు మాత్రం రాలేదు. ఆ రోజు ఆయన మనసు సందర్శనకు అనువుగా లేదని ఫోను వచ్చింది. మర్నాడు మబ్బు పట్టింది. రచనలో సూర్యుడు ఉన్నాడు కాబట్టి మబ్బులో వస్తే స్ఫూర్తి రాదట. ఆ తర్వాత ఏదో సమావేశం. ఎప్పుడైనా రావచ్చు, సిద్ధంగా ఉండండి అన్నారు. తూము దించడానికి వీల్లేదు. నారుమడి నిండి, నాటే చేలు నిండి, పక్కవాళ్ళ చేలు నిండి, ఊరి చెరువు కూడా నిండింది.

పల్లాలమ్మత్త రోజూ పొద్దున్నే ఎర్రచీరలో గట్టు మీదికి వచ్చేది.

"ఇయ్యాల వత్తారంటా?"

"ఇవాళ కూడా రారంట అత్తా."

"చల్లగా ఉండాలి మహానుభావుడు," అని తూర్పుకు తిరిగి దండం పెట్టేది. "ఎక్కడున్నా అక్కడే చల్లగా ఉండాలి."

డీఈ గారు గట్టు మీద కుర్చీ వేయించుకుని గొడుగు కింద కూర్చునేవారు. రోజూ నవ్వు రిహార్సల్ చేయించాలని చూశారు. "అసలు సమయానికి అయిపోద్దండి, దాచుకుంటన్నా," అని ఆమె మూతి బిగించేది. ఆయన అటు తిరగగానే మా అందరి వైపు చూసి కొంగు అడ్డం పెట్టుకునేది.

చివరికి కాగితమే వచ్చింది. "రచనలోని దృశ్యము పాఠకుని ఊహయందే పదిలముగా ఉండుట శ్రేయస్కరమని భావించి సందర్శనము రద్దు చేయడమైనది." డీఈ గారు అక్కడికక్కడే తూము దింపించి, జీపెక్కి, నాయకుడి పెళ్ళి దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పటికి దింపినా నష్టం లేదు. ఊళ్ళో నిండాల్సినవన్నీ నిండాయి.

ఆ రోజులన్నింటిలో నేను మామూలుగానే రాశాను. చూసింది చూసినట్టు. నీళ్ళు నెర్రెల్లోకి దిగుతుంటే వచ్చిన బుడగల చప్పుడు. పసుపు తిరిగిన నారు మొదట్లోంచి పచ్చబడటం. బారులు తీరని కొంగలు, దేని దారిన అది. వంతు కాకపోయినా రోజుల తరబడి ఆగకుండా వచ్చిన నీళ్ళు. గట్టు మీద కుర్చీలో గొడుగు కింద కూర్చుని శివారు నీళ్ళకు కాపలా కాసిన డీఈ గారు.

ఆ తర్వాతి నెలాఖరుకు ఫలితాలు వచ్చాయి. మొదటి బహుమతి నాకు. కింద న్యాయనిర్ణేతల అభిప్రాయం ఉంది.

"ఈ నెల ఉత్తమ కల్పన. శివారు భూములకు వంతు కానప్పుడు, అధికారుల పర్యవేక్షణలో, నిరంతరాయముగా నీరు వచ్చుట అను ఊహాలోకమును రచయిత్రి ఎంతో ధైర్యముగా నిర్మించినారు. వాస్తవముతో ఏ మాత్రము రాజీ పడలేదు. గట్టుపై గొడుగుతో కూర్చున్న అధికారి పాత్ర హాస్యమునకు ఉపకరించినది. కొంగల విషయములో మాత్రము కొంత అతి కలదు."

డీఈ గారు నా బల్ల దగ్గరికి వచ్చి స్వయంగా అభినందించారు. "చూశావా మంగతాయారూ, రోజూ వదలకుండా రాస్తే ఎలాంటి వాళ్ళకైనా కల్పన అబ్బుతుంది. గొడుగు అధికారి ఎవరమ్మా, మన పక్క సబ్ డివిజన్ ఆయనేనా?"

"ఊహేనండి," అన్నాను.

ఉద్యోగంలో చేరాక నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

ఆదివారం పీతలమెరకలో నాట్లు. పల్లాలమ్మత్త ఎర్రచీరను మోకాళ్ళ పైకి దోపుకుని బురదలో వంగి ఉంది. పాదాలు మునిగేటన్ని నీళ్ళు. నన్ను చూసి తలెత్తింది.

"నీకు ప్రైజొచ్చిందంట కదే. ఏం రాశావేటి?"

"ఇదే అత్తా. మన చేలోకి నీళ్ళొచ్చాయని."

"దానికేం ప్రైజే? వచ్చినయ్యి వచ్చినట్టు రాత్తే?"

"వచ్చాయని వాళ్ళు నమ్మలేదత్తా. కల్పన అనుకున్నారు. బాగా ఊహించానంట."

పల్లాలమ్మత్త నడుము నిలబెట్టింది. చేను వైపు చూసింది, నా వైపు చూసింది. ఇన్నాళ్ళు డీఈ గారి కోసం దాచుకున్న నవ్వు అప్పుడు బయటపడింది. విరగబడి నవ్వింది. చేలో ఉన్న ఆడవాళ్ళంతా నాట్లు ఆపి అందుకున్నారు. కొంగలు బెదిరి లేచాయి.

నవ్వుతూనే గట్టు మీది నారుకట్ట తీసి నా మీదికి విసిరింది. నా మొహం నిండా బురద చిమ్మింది.

"ఇదిగో నీ కల్పన. చుడీదారు పైకి మడుచుకుని దిగి నాటు."